చంటిపిల్లలతో స్కీయింగ్ ప్రయాణం: మానిపించాలా, సర్దుకుపోవాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. మాకు ఐదేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకు స్నేహితుల కుటుంబాలతో కలిసి కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కు స్కీయింగ్‌కు వెళ్ళాలని మా వారు నిర్ణయించి, ఇల్లు కూడా బుక్ చేశారు. గుంటూరు నుండి వచ్చి ఉన్న మా అత్తగారు పాపను చూసుకుంటారని, బాబును రోజంతా స్కీ స్కూల్లో వేద్దామని ఆయన అంటున్నారు. అత్తగారికి బీపీ ఉంది. చంటిపిల్లను మంచులోకి తీసుకుపోవడమేమిటని ఆవిడ నాతో అంటారు గాని, కొడుకుతో అనరు. పోయిన శీతకాలం మంచులో ట్యూబ్ మీద జారుతూ పడి ఏడ్చినప్పటి నుండి బాబు "నేను రాను" అంటున్నాడు. నేను వద్దంటే "నీకు అన్నిటికీ భయమే" అని మా వారు కోప్పడుతున్నారు. పట్టుబట్టి మానిపించాలా, సర్దుకుపోవాలా?

జవాబు: ఈ ప్రయాణం మానుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే, ఇప్పుడు అనుకున్న పద్ధతిలో మాత్రం వెళ్ళకూడదని స్పష్టంగా చెబుతున్నాను. మీ ఇంట్లో వాదన వెళ్దాం, వద్దు అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. పిల్లల ఒంటికి, మనసుకు తగినట్లు ఎలా వెళ్ళాలి, అక్కడ ఏ పూట ఎవరు ఏ బాధ్యత తీసుకోవాలి అన్న ప్రస్తావన ఇంకా ఎవరూ తెచ్చినట్లు లేదు.

ముందుగా మీ అత్తగారి మాట తీసుకుంటాను. తగిన బట్టలు వేసి, కాసేపు బయట తిప్పి, మళ్ళీ వెచ్చని గదిలోకి తెచ్చేస్తూ ఉంటే ఏడాదిన్నర పాప కూడా మంచులో సంతోషంగానే ఆడుకుంటుంది. నేను చలి కన్నా ఎక్కువగా ఆలోచించేది ఆ ఊరి ఎత్తు గురించి. డాలస్ ప్రాంతం సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపే ఉంటుంది. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది, స్కీయింగ్ చేసే వాలులు అక్కడి నుండి ఇంకా పైకి పోతాయి. సుమారు 8,000 అడుగులు దాటిన తరువాత, కొత్తగా వచ్చిన వారెవరికైనా, ఎంత ఆరోగ్యవంతులైనా సరే, తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటివి రావచ్చు. పెద్దవాళ్ళు తల నొప్పిగా ఉందని చెప్పగలరు. మాటలు సరిగా రాని పాప అలా చెప్పలేదు కనుక ఊరికే చిరాకుపడుతుంది, పాలు తాగదు, బొమ్మలు ముట్టుకోదు, రాత్రంతా లేచి ఏడుస్తుంది. కొత్త చోటు కాబట్టి మారాం చేస్తోందని పెద్దవాళ్ళు పొరబడేది ఇటువంటప్పుడే.

అందుచేత విమానం దిగిన రోజే కొండ ఎక్కకుండా, 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఉండండి. పైకి చేరిన మొదటి రోజున స్కీయింగ్ పెట్టుకోకుండా పిల్లలను విశ్రాంతిగా ఉంచి, నీళ్ళు, పాలు తరచుగా పట్టండి. ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే, అవి తగ్గే దాకా ఇంకా ఎత్తుకు వెళ్ళకూడదు. తగ్గకపోతే ప్రయాణం సగంలో ఉన్నా కిందికి వచ్చేయాలి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మనిషి మగతగా ఉన్నా సొంత కారులో డెన్వర్‌కు బయలుదేరవద్దు, ఎందుకంటే ఆ దారిలోని ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది, అంటే దిగడానికి ముందు ఇంకా ఎక్కవలసి వస్తుంది. అటువంటప్పుడు వెంటనే అత్యవసర సహాయానికి 911కు ఫోన్ చేయండి. బయలుదేరే ముందే పాపను పిల్లల డాక్టరుకు చూపించి ఈ ఎత్తు సంగతి చెప్పండి, అత్తగారి బీపీ గురించి కూడా ఆవిడ డాక్టరును అడగండి. చెవిలో ఇన్ఫెక్షన్, జలుబు, దగ్గు ఉన్న వారంలో పసివాళ్ళను అంత ఎత్తుకు తీసుకుపోవడం మంచిది కాదు.

ఇక బాబు సంగతి. "నేను రాను" అన్న మాటను మీ ఇద్దరూ మీ మీ వాదనకు సాక్ష్యంగా వాడుకుంటున్నారేమోనని నాకు అనిపిస్తోంది. మీకు అది ప్రయాణం వద్దనడానికి కారణం, ఆయనకు అది పోగొట్టవలసిన పిరికితనం. వాడు దేనికి భయపడుతున్నాడో ఇంతవరకు ఎవరైనా తీరికగా అడిగారా? పడినందుకా, గ్లవ్స్ తడిసి వేళ్ళు కొంకర్లు పోయినందుకా, ఏడుస్తుంటే అందరూ చూసినందుకా, వెంటనే అమ్మానాన్నలు దగ్గరికి రానందుకా? జవాబును బట్టి మీరు చేయవలసిన పని మారుతుంది. ఉదాహరణకు చేతులు గడ్డకట్టడమే బాధ అయితే, నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిటెన్లు, వాటితో పాటు ఒక అదనపు జత సరిపోతాయి. లోపల నూలు బనియను కాక ఉన్నిది గాని, చెమట నిలవని సింథటిక్‌ది గాని వేయండి. బూటులో ఒక్క జత మేజోళ్ళే ఉండాలి. వెచ్చగా ఉంటుందని రెండు జతలు తొడిగితే పాదం బిగిసి, రక్తం సరిగా ఆడక ఇంకా చల్లబడుతుంది. తలకు సరిపోయే హెల్మెట్, కళ్ళకు గాగుల్స్, ముఖానికి సన్‌స్క్రీన్ తప్పనిసరి, ఎందుకంటే కొత్తగా పడిన మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. కారులో పిల్లలను సీటులో కట్టేటప్పుడు మాత్రం ఆ లావుపాటి జాకెట్లు విప్పి, బెల్టు బిగించిన తరువాత పైన దుప్పటి కప్పండి.

ఐదేళ్ళ వయసు స్కీయింగ్ నేర్చుకోవడానికి తక్కువేమీ కాదు. చాలా చోట్ల మూడేళ్ళు నిండిన పిల్లలనే స్కీ స్కూల్లో చేర్చుకుంటారు. చదునైన చోట బూట్లతో నడిపించి, తరువాత మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టా మీద చిన్న వాలు ఎక్కించి, కాళ్ళకు బిగించుకుని జారే పొడవాటి పలకలైన స్కీల ముందు కొనలు దగ్గరికి చేర్చి పిజ్జా ముక్కలా పెట్టి ఆగడం నేర్పిస్తారు. ఇదంతా ఇంట్లోనే వాడికి ముందుగా వివరించి, వీడియోలలో చూపించండి. కాని బిగుతు బూట్లతో, ఎరుగని మనుషుల మధ్య రోజంతా ఉండమనడం జంకుతున్న పిల్లవాడికి ఎక్కువే. దొరికితే సగం పూట తరగతి, లేదా ఒక్కడికే ప్రత్యేకంగా నేర్పే శిక్షకుణ్ణి చూడండి. వాలు మీద నేర్పడం శిక్షకులకు వదిలి, నాన్న పక్కన నిలబడి మెచ్చుకుంటే చాలు. మొదటి తరగతి తరువాత వద్దంటే ఆపుతామని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆ రోజు వాడు స్లెడ్ అనే మంచు బండి మీద జారి, మంచు బొమ్మ చేసుకున్నా మీరు కట్టిన డబ్బు వృథా అయినట్లు కాదు.

నాకు అన్నిటి కన్నా బాధ కలిగించినది పాపను అత్తగారికి అప్పగించిన తీరు. మనవరాలంటే ఆవిడకు ప్రాణమే కావచ్చు. అయినా బీపీ ఉన్న పెద్దావిడ, తెలియని ఊళ్ళో, కారు నడపలేని చోట, ఆ ఎత్తులో, ఒంట్లో ఎలా ఉందో చెప్పలేని పసిపిల్లతో రోజంతా ఒంటరిగా ఉండడం ఇద్దరికీ క్షేమం కాదు. పైగా ఆవిడను ఎవరూ అడగనే లేదు. ఆవిడ మాటను మీ నోటితో చెబితే అత్తాకోడళ్ళు ఒకటైనట్లు మీ వారికి అనిపిస్తుంది. అందువల్ల ముగ్గురూ కూర్చున్నప్పుడు "అత్తయ్యా, మీకు ఎలా ఉంటుంది, నిజం చెప్పండి" అని మీరు అడిగి, ఆపైన కొడుకుతో ఆవిడనే మాట్లాడనివ్వండి. కొన్ని రిసార్టులలో పసిపిల్లలకు డేకేర్ ఉంటుంది, కావాలంటే ఇప్పుడే విచారించండి. పాపను వీపున కట్టుకుని ఎవరైనా స్కీయింగ్ చేస్తామంటే మాత్రం, ఎంత నేర్పు ఉన్నవారైనా సరే, ఒప్పుకోవద్దు.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఆయన కోరికను తక్కువ చేయకండి. ఏడాదంతా పనిచేసి స్నేహితులతో నాలుగు రోజులు గడపాలనుకోవడం తప్పు కాదు. "మీకు ఒక రోజు పూర్తిగా స్నేహితులతో వదిలేస్తాను, నాకూ ఒక రోజు కావాలి, మిగిలిన రోజులలో ఉదయం ఒకరం, మధ్యాహ్నం ఒకరం పిల్లల దగ్గర ఉందాం" అని రోజులవారీగా కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. మీరూ స్కీయింగ్ నేర్చుకోవాలనుకుంటున్నారా, లేదా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి.

డెన్వర్‌లో ఆగడానికి, వంతులు పంచుకోవడానికి, పాపకు బాగా లేకపోతే దిగి రావడానికి ఆయన ఒప్పుకుంటే నిశ్చింతగా వెళ్ళండి. వీటికి ఒప్పుకోకపోతే పాపను పంపనని చెప్పే హక్కు తల్లిగా మీకు ఉంది, ఆ మాట కోపం లేకుండా చెప్పవచ్చు. అప్పుడు బాబు ఇష్టపడితే తండ్రితో వెళ్తాడు, మీరు, పాప, అత్తగారు డాలస్‌లో ఉంటారు. ఏ నిర్ణయమైనా ఇంటి బుకింగు, స్కీ స్కూలు డబ్బు వాపసు గడువులు దాటక ముందే జరగాలి కనుక, ఆ తేదీలు ఈ వారంలోనే చూసుకోండి.