మాస్కోలో చదివితే రాయబారి అయిపోతారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఐరోపాలో రష్యా రాయబారిగా పనిచేసిన వ్లాదిమిర్ చిజోవ్ గురించి ఎక్కడో చదివి, తానూ మాస్కోలోని మ్గిమో (రష్యా విదేశాంగ శాఖ వారి అంతర్జాతీయ సంబంధాల విద్యాసంస్థ)లో అంతర్జాతీయ సంబంధాలు చదువుతానని పట్టుబట్టింది. అక్కడ చదివితే దౌత్యవేత్త కావడం ఖాయమని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. ఫిజిక్స్ నోటుపుస్తకం వెనక రష్యన్ అక్షరాలు దిద్దుకుంటుంటే కోపం పట్టలేక ఆ కాగితాలు చించేశాను. ఆ దారికీ మన ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సేవ)కూ తేడా చెప్పగలరు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. దేశం పేరు, కోర్సు పేరు మారతాయి గానీ, పిల్ల ఇంజినీరింగు వదిలేసి ఎటూ కాకుండా పోతుందేమోనన్న భయం మాత్రం అన్నింటిలోనూ ఒక్కటే. ముందు దానికే జవాబు చెబుతాను. భాష మీద ఇష్టం పెంచుకున్నందుకు ఏ పిల్లా చెడిపోదు, మీ అమ్మాయీ చెడిపోదు.

కన్సల్టెన్సీ వారి మాట మాత్రం నమ్మకండి. 1944లో ఏర్పడిన మ్గిమో మంచి విద్యాసంస్థే. యాభైకి పైగా భాషలు నేర్పుతుంది, విదేశీ విద్యార్థులనూ చేర్చుకుంటుంది. అయితే రష్యా విదేశాంగ శాఖ తన పౌరులను మాత్రమే దౌత్యవేత్తలుగా తీసుకుంటుంది. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు గనుక, ఆ కొలువు కోరుకోవడమంటే భారత పౌరసత్వాన్ని వదులుకోవడమే. ఈ సంగతి వారు మీకు చెప్పారా?

చిజోవ్ 1976లో మ్గిమో నుంచి పట్టా పుచ్చుకుని, గ్రీస్, సైప్రస్ వ్యవహారాలు చూసి, ఉపమంత్రిగా పనిచేసి, 2005లో బ్రసెల్స్‌లో ఐరోపా సమాఖ్య దగ్గర రష్యా శాశ్వత ప్రతినిధి అయ్యారు. అంటే ఇరవై తొమ్మిదేళ్ల ప్రయాణం. అన్నిటికన్నా కింది మెట్టయిన అటాషే నుంచి రాయబారి దాకా రష్యా దౌత్య హోదాలు పదకొండు. ఏ భాష నేర్చుకోవాలన్నది కూడా అన్నివేళలా విద్యార్థి ఇష్టం కాదు. 2004లో రష్యా విదేశాంగ మంత్రి అయిన సెర్గేయ్ లావ్రోవ్ మ్గిమోలో నేర్చుకున్నది సింహళం. 1972లో ఆయన మొదటి కొలువు శ్రీలంకలోనే.

పిల్లలు ఈ వృత్తిలో విమానాలు, విందులు, జెండాలు చూస్తారు. నాకున్న సందేహాలు వేరు. రాయబారి పలికేది తన మాట కాదు, తన ప్రభుత్వం మాట. దాని ఫలితం కూడా ఆయన మీదే పడుతుంది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలుపెట్టాక, 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల వ్యవధిలోనే జర్మనీ 40 మంది, ఫ్రాన్స్ 35 మంది, ఇటలీ 30 మంది రష్యా దౌత్య సిబ్బందిని పంపించివేశాయి. సంవత్సరం మధ్యలో బడి మానిపించి పిల్లలను వెంటబెట్టుకుని సామాను సర్దుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ఏడాది మే 9న పోలండ్ రాజధాని వార్సాలో సోవియట్ సైనికుల శ్మశానవాటికకు పూలు తీసుకెళ్లిన రష్యా రాయబారి సెర్గేయ్ ఆంద్రేయెవ్ ముఖాన నిరసనకారులు ఎర్రని ద్రవం చల్లారు. అదే నెలలో జెనీవాలోని రష్యా దౌత్యవేత్త బోరిస్ బోందరెవ్, తన దేశం చేస్తున్న యుద్ధాన్ని సమర్థించలేనంటూ ఇరవై ఏళ్ల కొలువుకు రాజీనామా చేశారు. మనసు ఒప్పని మాటను పలకవలసిన రోజు వస్తే ఏం చేస్తావని మీ అమ్మాయిని అడగండి. ఐఎఫ్ఎస్‌కు వెళ్లినా ఈ ప్రశ్న ఆమెకు తప్పదు.

మీరడిగిన పోలికలో నిజానికి చెప్పవలసింది కొంచెమే. మన విదేశాంగ సేవకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఎంపిక తరువాత ప్రభుత్వమే ఒక విదేశీ భాష నేర్పిస్తుంది. 1979 నుంచి 1981 వరకు మాస్కోలో పనిచేసిన జైశంకర్ రష్యన్ నేర్చుకున్నారు. 2018 నుంచి 2021 వరకు అక్కడ మన రాయబారి వెంకటేశ్ వర్మ తెలుగువారే. రష్యన్ మీద ఇష్టం నిలబడితే హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో చదవవచ్చు. దానికి మాస్కో ఫీజు కట్టనక్కర్లేదు.

ఇక మీ సంగతి. ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఒక లిపి దిద్దుకుంటున్న పిల్ల చేతిలో కాగితాలు చించడం తప్పండీ. మార్కులు తగ్గితే మార్కుల గురించి మాట్లాడండి. ఎంపీసీ పూర్తి చేయమని నేనూ అంటాను, ఇంజినీరింగు చదివినా ఐఎఫ్ఎస్ తలుపు మూసుకుపోదని ఆమెకు చెప్పండి. రష్యన్ అక్షరాలు ముప్ఫై మూడే, ఆమె మళ్లీ రాసుకోగలదు. కొత్త నోటుపుస్తకం మాత్రం మీరే కొనివ్వండి.