ప్రామిస్‌పై మ్యాప్ ఎందుకు పనిచేయదు: రెండు స్పెసిఫికేషన్ల తేడా

జావాస్క్రిప్ట్‌లో తర్వాత రాబోయే ఫలితాన్ని సూచించే ప్రామిస్‌కు దెన్ అనే మెథడ్ ఉంది కదా, దాన్నే మ్యాప్‌గా (లోపలి విలువకు ఫంక్షన్‌ను వర్తింపజేసేది), చైన్‌గా (ఫంక్షన్ అలాంటి పెట్టెనే తిరిగిస్తే ఒక పొర విప్పేది) వాడితే, ఈ రెండూ ఎలా పనిచేయాలో చెప్పే ఫ్యాంటసీ ల్యాండ్ అనే స్పెసిఫికేషన్ నియమాలు ఎక్కడ తప్పుతాయని ఒకరు అడిగారు. తప్పేది ఒకే చోట, కానీ అది చిన్నది కాదు.

ప్రామిస్ ఎలా నడవాలో చెప్పే ప్రామిసెస్ ఏ ప్లస్ అనే స్పెసిఫికేషన్ ప్రకారం, దెన్‌కి ఇచ్చిన ఫంక్షన్ ఏం తిరిగిచ్చినా అందులో దెన్ అనే మెథడ్ ఉందా అని చూస్తారు. ఉంటే దాన్ని పిలిచి, లోపలి విలువను బయటికి లాగుతారు. అంటే ప్రామిస్ లోపల ప్రామిస్‌ను విలువగా ఉంచడం కుదరదు. ఫ్యాంటసీ ల్యాండ్ మ్యాప్ అయితే ఫంక్షన్ ఇచ్చిన దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచాలి. ఒక పొర విప్పేది చైన్ ఒక్కటే.

ఆచరణలో ఇది ఇలా కొడుతుంది: మీ డేటా ఆబ్జెక్ట్‌లో యాదృచ్ఛికంగా దెన్ అనే ఫంక్షన్ ఉండి, అది తనకిచ్చిన కాల్‌బ్యాక్‌లను పిలవకపోతే, ఫలితం కోసం వేచి చూసే అవెయిట్ అక్కడే శాశ్వతంగా ఆగిపోతుంది. ఎర్రర్ కూడా రాదు! అలాంటి ఆబ్జెక్ట్‌ను ఒక అర్రేలో పెట్టి తిరిగివ్వండి, సరిపోతుంది.

ఈ నియమాలతో సంబంధం లేని మరో తేడా, ప్రామిస్ సృష్టించగానే పని మొదలైపోతుంది. అందుకే విఫలమైతే మళ్లీ ప్రయత్నించే రీట్రై ఫంక్షన్‌కు ప్రామిస్‌ను ఇస్తే రెండోసారి రిక్వెస్ట్ వెళ్లదు, పాత ఫలితమే వస్తుంది. ప్రామిస్‌ను తిరిగిచ్చే ఫంక్షన్‌ను ఇవ్వాలి.

నా సలహా: సర్వర్ నుంచి డేటా తెచ్చే మామూలు ఫెచ్ కోడ్‌కి అసింక్, అవెయిట్ చాలు. రామ్డా అనే ఫంక్షనల్ లైబ్రరీ వాడుతుంటే ప్రామిస్‌లకు మ్యాప్ బదులు అందులోని ఆండ్‌దెన్ పెట్టండి. రద్దు చేయడం, మళ్లీ నడపడం నిజంగా కావాలంటేనే ప్రామిస్‌కు ప్రత్యామ్నాయమైన ఫ్లూచర్ లైబ్రరీ తెచ్చుకోండి. అందులో ఫోర్క్ పిలిచేదాకా ఏదీ నడవదు. ప్రామిస్‌ను తిరిగిచ్చే పాత ఫంక్షన్లను అందులోని అటెంప్ట్‌పీతో చుట్టవచ్చు.