మే నెల మంచు మీద అడుగుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు హిమాలయాల్లోని రూపిన్ పాస్ అనే కనుమ ట్రెక్కుకు పేరు ఇచ్చావని, మే నెలాఖరుకు సెలవు కూడా అడిగావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించాను. ఆదివారాలు స్నేహితులతో సావనదుర్గ ఎక్కుతున్నావట, కాళ్లకూ ఊపిరికీ అంతకంటే మంచి తయారీ బెంగళూరు చుట్టుపక్కల దొరకదు. కానీ ఆ బండ ఉదయం ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. మంచు అలా ఉండదు. తెల్లవారుజామున నిశ్చింతగా దాటిన వాలే మధ్యాహ్నానికి విరిగి కిందికి రావచ్చు. ఏళ్ల తరబడి ఆ కొండల్లో జట్లను నడిపించినవాణ్ణి కనుక ఇది నీకు వివరంగా రాస్తున్నాను.

చలికాలంలో చాలావరకు కొత్తగా కురిసిన మంచు బరువుకు చరియలు విరుగుతాయి. ఎండలు ముదిరాక అసలు కారణం నీరు. పైపొర కరిగి లోపలికి ఇంకితే మంచు రేణువుల మధ్య పట్టు సడలిపోతుంది. రాత్రి చలికి ఆ నీరు మళ్లీ గడ్డకడితే పొరలన్నీ బిగుసుకుంటాయి. అందుకే రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నది అన్నిటికంటే ముందు తెలుసుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచులోని వేడి పైకి పోయి బాగా గడ్డకడుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడి పోదు. రాత్రి వాన పడితే మరీ ప్రమాదం, ఆ రోజు నిటారు వాలు జోలికి పోవద్దు.

డేరా బయటికి రాగానే బూటు మడమతో మంచును గట్టిగా తొక్కి చూడు. టక్కుమని మోగి, గీత మాత్రమే పడితే మంచిదే. పైన పలుచని పెంకు విరిగి కింద తడి మంచులోకి కాలు దిగిందంటే చలి పైపైనే పనిచేసిందన్నమాట. ఆ పెంకు కాసేపటి ఎండకు కూడా నిలవదు.

నడుస్తున్నంతసేపూ ఎండను గమనించు. తూర్పు ముఖంగా ఉన్న వాలు మొదట మెత్తబడుతుంది, తరువాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఎండకు కాగిన రాళ్ల దగ్గరి నుంచి చిన్న మంచు ఉండలు దొర్లుతూ, దొర్లేకొద్దీ లావవుతూ కిందికి వస్తున్నాయంటే వాలు హెచ్చరిస్తోందని అర్థం. చీలమండలు దాటి కాలు దిగబడుతున్నా అంతే. అప్పుడు ఇంకో అరగంట చూద్దామని ఎవరైనా అంటే వినకు.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరుగుతాయి. నడక కర్రను మంచు మీద పడుకోబెట్టి దాని మీద ఫోను పెడితే కోణం తెలుస్తుంది. వచ్చే ఆదివారం బండ మీదే సాధన చెయ్యి, ముందు కంటితో అంచనా వేసి, తరువాత కొలిచి చూడు.

నీ కాళ్ల కింద చదునుగా ఉందని ధీమా పడవద్దు, తల పైన ఏముందో చూడాలి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా కనుమకు వెళ్లే రోడ్డు పక్కన మంచు చరియ విరిగిపడి 7 మంది పర్యాటకులు చనిపోయారు. మిట్టమధ్యాహ్నం వేళ, వాహనాలు తిరిగే దారి పక్కనే జరిగింది. అందుకే అలాంటి వాలు కింద భోజనానికో ఫోటోకో ఆగవద్దు. దాటక తప్పకపోతే ఒకరి తరువాత ఒకరు దాటాలి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి దాటేవారిని కనిపెట్టుకుని ఉండాలి.

తడి మంచు పొడి మంచంత వేగంగా రాదు, కానీ ఆగగానే సిమెంటులా బిగుస్తుంది. కూరుకుపోయినవారిని పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం ఎక్కువ, అరగంట దాటితే చాలా తగ్గిపోతుంది. అంత త్వరగా వెతకాలంటే ఒంటి మీద సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ఉండాలి, అవి జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. చాలా ట్రెక్కుల్లో ఇవి ఇవ్వరు. ఇవ్వనప్పుడు మనకున్న రక్షణ వేళ పాటించడం, వెనక్కి తిరగడం మాత్రమే.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన, చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ అనే పరిశోధనశాల మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. అవి వెలువడే రోజుల్లో తప్పక చూడు. అయితే అవి విశాలమైన ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేవి, నీ ఎదుటి వాలు సంగతి నువ్వే చూసుకోవాలి.

పాస్ దాటే రోజు చీకటితోనే బయలుదేరదీస్తారు. పాస్‌కు చేర్చే చివరి ఇరుకు లోయచీలిక నిటారుగా ఉంటుంది. ఎన్ని గంటలకల్లా దాటకపోతే వెనక్కి తిరుగుతారని ముందురోజు సాయంత్రమే గైడును అడుగు, మర్యాదగానే, కానీ జవాబు వచ్చేదాకా అడుగు. పదిమందిలో అడగడానికి మొహమాటపడకు తల్లీ.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మీ సెలవుల లెక్క. సోమవారం ఆఫీసులో ఉండాలన్న తొందర మెత్తబడిన మంచు మీదికి తోస్తుంది. సెలవు ఇంకో రెండు రోజులు ఎక్కువ అడుగు. తిరుగు టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకో, ధర ఎక్కువైతే ఆ తేడా నేనిస్తాను. ఈ వారంలోనే చూడు, ఆలస్యమైతే దొరకవు.

ఇట్లు,
మీ పెదనాన్న,
మల్లేశ్వరం