ప్రశ్న వేశాక కాస్త ఆగు

చిన్నా,

ఆశీస్సులు. నలభై నిమిషాలకు రాసుకున్న పాఠం ఇరవై అయిదు నిమిషాలకే అయిపోయిందనీ, ఆ పైన ఏం చెయ్యాలో తోచక చెమటలు పట్టాయనీ రాశావు. టీచింగ్ ప్రాక్టీసు మొదటి వారంలో చాలామందికి అయ్యేదే. నాకు పావుగంటకే అయిపోయింది. మిగతా సేపు శుభ్రంగా ఉన్న బోర్డునే మళ్లీ మళ్లీ తుడిచాను.

ఎందుకలా అయిందంటావు? ప్రశ్న వేసి, జవాబూ నువ్వే చెప్పేసి ఉంటావు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని ఇదే పట్టుకుంది. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకనేనట. 3 సెకన్లు ఆగడం అలవాటు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపనివాళ్లూ మాట్లాడారు. 3 సెకన్లు ఎంతసేపులే అనుకుంటాం గానీ, అన్ని కళ్లూ మనమీదే ఉన్నప్పుడు అది యుగంలా ఉంటుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకో.

ఇక తప్పు జవాబుల సంగతి. 0.35, 0.8 లలో ఏది పెద్దదని అడిగి చూడు, 0.35 అనేవాళ్లు తప్పక ఉంటారు. "తప్పు, కూర్చో" అన్నావంటే వాడి బుర్రలో ఏముందో నీకు ఇక తెలియదు. "ఎలా అనుకున్నావురా?" అని అడిగితే, 8 కన్నా 35 పెద్దది కదా సార్ అంటాడు. వాడు ఆలోచించకుండా చెప్పలేదు. పూర్ణసంఖ్యల దగ్గర పనికొచ్చిన నియమాన్నే ఇక్కడికీ తెచ్చాడు. నీ అసలు పాఠం అక్కడినుంచి మొదలుపెట్టు, ప్లాన్‌లో లేకపోయినా సరే.

లెసన్ ప్లాన్‌ని సూపర్‌వైజర్ సంతకం కోసం ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు, నువ్వూ రాయి. కానీ ఆ సాయంత్రమే దాని పక్కన ఎక్కడ తడబడ్డావో, ఎవరు ఏమన్నారో రెండు ముక్కలు గీకి పెట్టు. మర్నాటికి మర్చిపోతావు. నన్నడిగితే ప్లాన్ కన్నా ఆ గీతలకే ఎక్కువ మార్కులెయ్యాలి.

సీనియర్ టీచరు పాఠం చెబుతుంటే నువ్వు వెనక కూర్చున్నప్పుడు ఆవిడ మాటలన్నీ నోట్సులో ఎక్కించుకోకు. పీరియడ్ మొత్తంలో ఆవిడ ఏ పిల్లల్ని ఒక్కసారీ పలకరించలేదో గుర్తు పెట్టుకో. మర్నాడు నీ క్లాసులో వాళ్లనే పలకరించు. అక్కడ కూర్చున్నప్పుడే బోర్డు మీద అక్షరాలు ఎంత కనిపిస్తున్నాయో కూడా తెలుస్తుంది.

టైముకు వెళ్లడం, ఫోను సంచిలో పెట్టడం నీకు చెప్పనక్కర్లేదు. పిల్లలు నమ్మి చెప్పిన ఇంటి విషయాలు మాత్రం స్టాఫ్‌రూమ్ కబుర్లలోకి రానివ్వకు. ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే హెడ్‌మాస్టరుకు చెప్పు, అది వేరు. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే రేపు చెప్తానను, చెప్పినట్టే మర్నాడు నువ్వే ఎత్తు.

ఈసారి ఉత్తరంలో పాఠం ఎలా జరిగిందో వద్దు. నువ్వు విన్న ఒక తప్పు జవాబూ, దాని వెనక ఉన్న లెక్కా రాసి పంపు.

మీ మావయ్య