ఇండోనేషియా రాజకీయాలపై పీహెచ్‌డీ: భాష రాకపోతే ఎక్కడ ఆగిపోతారు?

ప్రశ్న: బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇండోనేషియా రాజకీయాల్లో పౌరసంఘాల పాత్రపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: 'పౌరసంఘాలు' అన్న మాటను ముందు విడదీయండి. అక్కడ ఎల్ఎస్ఎం అంటే మన ఎన్జీవో లాంటిది; ఒర్మాస్ అంటే సభ్యత్వంతో నడిచే సంస్థ. అధ్యక్షుడు సుహార్తో దిగిపోయిన 1998లోనే పుట్టిన ఇండోనేషియా కరప్షన్ వాచ్, మానవ హక్కుల సంస్థ కొంత్రాస్ మొదటి కోవ. 1912 నాటి ముహమ్మదియా, 1926 నాటి నహ్దతుల్ ఉలమా అనే ముస్లిం సంస్థలు రెండోది; వీటికి సొంత విద్యాసంస్థలున్నాయి, పార్టీలు వీటి మొహం చూసి మాట్లాడతాయి. రెండిటినీ ఒకే గాటన కడితే మొదటి అధ్యాయంలోనే పరీక్షకులు పట్టుకుంటారు.

అంశం చిన్నగా ఉండాలి. ఉదాహరణకు, 2019 సెప్టెంబరు 17న అవినీతి నిరోధక కమిషన్ కేపీకే అధికారాలను తగ్గించేలా దాని చట్టాన్ని సవరించారు. విద్యార్థులు పెద్దఎత్తున రోడ్డెక్కింది ఆ తర్వాతి వారంలో; అయినా సవరణ రద్దు కాలేదు. అప్పుడే వాయిదా పడ్డ శిక్షాస్మృతి బిల్లు కూడా 2022 డిసెంబరులో ఆమోదం పొందింది. 2024 ఆగస్టు 22న మాత్రం స్థానిక ఎన్నికల చట్ట సవరణకు కోరం లేక సభ వాయిదా పడింది, బయట జనం నిండిపోయారు, బిల్లు వెనక్కి పోయింది. నిరసన వచ్చింది ఓటింగుకు ముందా, తర్వాతా? ఈ ఒక్క తేడా మీదే మంచి థీసిస్ రాయొచ్చు.

దీనికి ఇండోనేషియా భాష తప్పదు. లిపి రోమన్, క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. చిక్కంతా ఉపసర్గలతోనే. 'మెనులిస్' అంటే రాయడం; నిఘంటువులో 'తులిస్' దగ్గర వెతకాలి, 'త' పోయి 'న' వచ్చింది. సంధులు చదివినవాళ్లకు త్వరగానే పట్టుబడుతుంది. తెలిసినట్టుండే మాటలతోనే జాగ్రత్త: 'నెగర' అంటే నగరం కాదు, దేశం.

ఎంఏకి జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ రాయండి. మీకు దగ్గర్లో తిరుపతి ఎస్వీయూలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ఒకసారి వెళ్లి ఆచార్యులతో మాట్లాడండి. భాష కోసం ఇండోనేషియా ప్రభుత్వ దర్మసిస్వ స్కాలర్‌షిప్ ఉంది, కానీ అది డిగ్రీ ఇవ్వదు. అక్కడే మాస్టర్స్ చేయాలంటే కేఎన్‌బీ స్కాలర్‌షిప్ చూడండి.

ఫీల్డ్‌వర్క్‌కు పర్యాటక వీసాపై వెళ్లొద్దు. విదేశీ పరిశోధకులకు అక్కడి జాతీయ పరిశోధన సంస్థ బ్రిన్ అనుమతి తప్పనిసరి, 2019 నాటి చట్టం ప్రకారం ఉల్లంఘనకు శిక్షలున్నాయి. స్థానిక భాగస్వామి సంస్థ లేకుండా ఆ దరఖాస్తు ముందుకు కదలదు కాబట్టి, అక్కడి ఆచార్యులతో ఉత్తరప్రత్యుత్తరాలు పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి.