క్విన్స్ బోన్సాయ్‌కి పిలకలు తీసేయాలా?

న్యూజెర్సీలో నర్సరీ నుంచి తెచ్చిన ఫ్లవరింగ్ క్విన్స్‌ని (వసంతంలో పూసే ముళ్ల పొద) బోన్సాయ్ చేస్తున్నానని, రెండేళ్లయినా బోదె లావెక్కడం లేదని, పిలకలు మాత్రం ఆగడం లేదని అడిగారు కదండీ. నేనూ ఇక్కడే ఇదే చెట్టుతో మూడేళ్లు కుస్తీ పట్టి ఓడిపోయాను.

నా మనసులో ఉన్నదేమో మన ఊరి మర్రిమాను. దాంతో ఒకే బోదె ఉంచి, కనబడిన పిలకనల్లా కత్తిరించేశాను. ఒకటి తీస్తే నాలుగొచ్చేవి. మూడేళ్లకి బోదె పెన్సిల్ కంటే ఓ పిసరు లావైంది, అంతే. చాలా చెట్లు బలాన్ని కొసకి పంపిస్తాయి, ఇది పొద కాబట్టి మొదట్లోకే పంపిస్తుంది. జపాన్‌లో దీన్ని బొకే అంటారు. చిన్న ఆకుల చోజుబాయ్ రకాన్ని వాళ్లు ఎక్కువగా ఒకే మొదలు నుంచి నాలుగైదు బోదెలు లేచిన గుంపులాగే పెంచుతారు. అది తెలిశాక పోరాటం మానేసి, లావులో తేడా ఉన్న ఐదు పిలకల్ని ఉంచి, మధ్యలో ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేశాను. అప్పటినుంచే చెట్టు చెట్టులా కనబడుతోంది.

వంచాలంటే ఆ ఏడాది రెమ్మ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి తిరుగుతున్నప్పుడే లోహపు తీగ చుట్టండి, ముదిరితే టప్పున విరుగుతుంది. ముళ్లు ఊరుకోవు, గ్లవ్స్ వేసుకోండి.

పూల విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. నవంబరులో చెట్టు చింపిరిగా ఉందని శుభ్రంగా క్షవరం చేశాను, వసంతంలో రెండంటే రెండే పూలు! పూమొగ్గ ముందటి ఎండాకాలంలోనే పాత కొమ్మ మీద కట్టేస్తుంది. ఆకులు రాలాక దగ్గరగా చూడండి, మిరియపు గింజలా గుండ్రంగా ఉబ్బినవి పూలవి, సన్నగా కొమ్మకి అతుక్కున్నవి ఆకులవి. అందుకే గట్టిగా కత్తిరించేది పూలు రాలిన వెంటనే. ఆ తర్వాత రెమ్మల్ని కాస్త పొడుగవనిచ్చి, రెండు మూడు ఆకులుంచి తుంచుతుంటే చాలు.

కుండీ మార్చేది మాత్రం శరదృతువులో. మిగతా చెట్లలాగే దీన్నీ వసంతంలో మారిస్తే, తర్వాత తవ్వినప్పుడు వేళ్ల మీద అల్లం కొమ్ముల్లా కణుతులు కనబడ్డాయి. కోసిన గాయాల్లోంచి బ్యాక్టీరియా దూరితే వచ్చే జబ్బు అది, వాతావరణం చల్లబడ్డాక దాని జోరు తగ్గుతుంది. జపాన్ వాళ్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో మార్చేది అందుకే. కత్తెరని స్పిరిట్‌తో తుడవడం మర్చిపోకండి. చలికాలం హీటర్ లేని గరాజ్‌లో పెట్టండి, మట్టి మాత్రం ఎండిపోకూడదు. (హైదరాబాద్‌లో పెంచుతానని మా చెల్లెలు అడిగితే వద్దన్నాను, చలి నిద్ర లేకపోతే ఇది సరిగా పూయదు, అక్కడికి కాగితంపూల చెట్టే నయం.)

అన్నట్టు, కుండీ మార్చేటప్పుడు కోసిన లావు వేళ్లు పారేయకండి. వేలెడు ముక్కలు చేసి, పై కొస మట్టికి కాస్త పైన ఉండేలా గుచ్చితే చిగురిస్తాయి. నా దగ్గరున్న మూడు కుండీలు అలా వచ్చినవే.