ఐపీ (దివాలా పిటిషన్) మీరే వేయాలా, అప్పులవాళ్లు వేసేదాకా ఆగాలా?

ప్రశ్న: నోట్ల మీద తెచ్చిన అప్పులు తీర్చలేకపోతున్నాను. నేనే ఐపీ పెట్టాలా, అప్పిచ్చినవాళ్లే వేస్తారని ఆగాలా?

జవాబు: తీర్చే దారి లేదని తేలితే మీరే వేయండి. వ్యక్తుల దివాలాకు ఇక్కడ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారం. మీ పిటిషన్‌కు అప్పు కనీసం 500 రూపాయలుండి, తీర్చలేని స్థితి ఉంటే చాలు. అప్పులవాళ్లు వేయాలంటే ఆస్తి దాటించడం, తప్పించుకు తిరగడం లాంటి పని గత మూడు నెలల్లో మీరు చేశారని చూపాలి. అంటే మీరు ఆరోపణలకు జవాబు చెప్పుకుంటూ మొదలుపెడతారు.

అప్పులవాళ్లందరి పేర్లు, చిరునామాలు, బాకీలు, మీ ఆస్తులన్నీ దాచకుండా రాయండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ముందే ఇల్లు భార్య పేర దానంగా రాస్తారు. రెండేళ్లలోపు పిటిషన్ పడి దివాలా ప్రకటిస్తే కోర్టు ఆ దానాన్ని రద్దు చేయగలదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క బంధువుకే కావాలని బాకీ తీర్చినా అంతే.

తాకట్టు ఆస్తిపై బ్యాంకు హక్కు పోదు. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు విడిగా అడగాలి. కోర్టు ఇచ్చిన గడువులో డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విడుదలకు, దరఖాస్తు చేయకపోతే దివాలా ఉత్తర్వే రద్దయి, అప్పులవాళ్లు మళ్లీ మీ మీదికి వస్తారు.